సముద్రం ఒడ్డున ఒకే ఇంట్లో ఐదుగురు కొత్తవాళ్ళు: నా ఎండాకాలం నవలకి మీ సాయం కావాలి

కొత్తపేట_కాగితం
అందరికీ నమస్తే. ఇన్నేండ్లు ఇక్కడ మీ పోస్టులు చదువుడే గానీ నేను రాసింది తక్కువ. ఈసారి ధైర్యం చేసి అడుగుతున్న. నాలుగు నెలల సంది ఒక నవల రాస్తున్న, ఆఫీసు నుంచి వచ్చి పాప పడుకున్నాక రోజుకి రెండు పేజీలు. కథ ఏందంటే భీమిలిలో సముద్రం ఒడ్డుకే ఒక పాత పెంకుటిల్లు, ఓనరు పెద్దాయన అమెరికాల కొడుకు దగ్గరికి పోతూ రెండు నెలలకి గదులు విడివిడిగా కిరాయికిస్తడు, ఒకరికొకరు ముఖపరిచయం కూడా లేని ఐదుగురు దిగుతరు. రిటైరైన లెక్కల టీచరమ్మ, ఒక నర్సు, గ్రూప్స్‌కి ప్రిపేరయ్యే పిల్లగాడు, భార్య పోయిన రైల్వే ఆయన, ఇంక మన హైదరాబాద్ నుంచి జాబ్ మానేసి వచ్చిన అమ్మాయి. విలన్ లేడు, హత్య లేదు, వంటింట్లో గొడవలు, అంతే. ఎండాకాలం సెలవుల్లో మంచం మీద బోర్లా పండుకొని, పక్కన మామిడిపండ్ల పళ్ళెం పెట్టుకొని ఒక్క పూటల చదివేసే నవల రాయాలని నా కోరిక. చిన్నప్పుడు మా మేనత్త ఇంట్ల వారపత్రికల సీరియళ్ళు కత్తిరించి దారంతో కుట్టిన పుస్తకాలుండేటివి, వాటిలో దొరికిన ఆ సంతోషం మళ్ళీ ఎవరికన్నా ఇయ్యాలని.

ఇబ్బంది ఏందంటే నేను వైజాగ్ చూసింది రెండే సార్లు, అదీ పెళ్ళిళ్ళకి. మూడు సీన్లు మీకు చెప్తా, తప్పులుంటే మొహమాటం లేకుండ చెప్పండి. ఒకటి, రైల్వే ఆయన సూర్యుడు సముద్రంలో మునుగుతుంటే చూసుకుంట మొదటిసారి భార్య గురించి మాట్లాడతడు. రెండోది, మే నెల పొద్దున పడవలొస్తే అందరూ ఒడ్డుకి ఉరికి తాజా చేపలు కొంటరు, అక్కడే వాళ్ళ దోస్తానా మొదలైతది. మూడోది, రాత్రి ఉక్కపోస్తే అందరూ హాల్లో ఒకే కూలర్ ముందు పండుకునే సీను, ఇది నాకు బాగా ఇష్టం.

ఉప్పుగాలి
అమ్మా, మాది భీమిలే. పదకొండేళ్ళై కూకట్‌పల్లిలో ఉంటన్నాను గానీ మనసంతా అక్కడే. మీ మూడు సీన్లూ కుదరవు. కోపం తెచ్చుకోకండి, మూడింటికీ నా దగ్గర బదులుంది.

సూర్యుడు మా సముద్రంలోంచి లేస్తాడు గానీ అందులో మునగడు. తూర్పు తీరం కదా. సాయంత్రం కొండల వెనక్కెళ్ళిపోతాడు, ఒడ్డు మీద నీడ పడిపోయి సముద్రం బూడిదరంగుకి తిరుగుతాది. సినిమాల్లో గోవా సీన్లు చూసి మావైపు కూడా అలాగే రాసేస్తుంటారు అందరూ.

ఆ సీన్ పారేయకండి, పున్నమికి మార్చండి. పున్నమినాడు పొద్దు గూకే వేళకే చంద్రుడు లేస్తాడు, లేచేది సముద్రంలోంచే. వేసవిలో సూర్యుడు కొంచెం ఉత్తరానికి జరిగి ఉంటాడు గనక పున్నమి చంద్రుడు దక్షిణానికి జరిగి లేస్తాడు, మా ఒడ్డు ఆగ్నేయం వైపు తిరిగి ఉంటాది కాబట్టి నేరుగా మొహం మీదికే వచ్చినట్టుంటాది. మొదట ఎర్రగా, వంకరగా, నీళ్ళు కారుతున్నట్టు. తర్వాత ఆ వెలుగు ఒడ్డుదాకా దారి వేస్తాది. భార్య పోయిన మనిషి మాట్లాడాలంటే అంతకన్నా మంచి వేళ ఏటుంటాది.

రైలు_కిటికీ
ఇది మాత్రం అద్భుతం అన్నా. పైగా వైశాఖ పున్నమి అంటే బుద్ధ పూర్ణిమ కూడా, పక్కనే తొట్లకొండ, బావికొండ, భీమిలిలోనే పావురాలకొండ, అన్నీ బౌద్ధ క్షేత్రాలే. లెక్కల టీచరమ్మ పొద్దున తొట్లకొండ ఎక్కొచ్చి సాయంత్రం ఒడ్డున కూర్చుందనుకోండి, ఇంకేం చెప్పక్కర్లేదు.

ఇంకోటి, మీ అమ్మాయి హైదరాబాద్ నుంచి వస్తుంది కదా, విమానం ఎక్కించకండి ప్లీజ్. గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కించండి. 1974 నుంచి నడుస్తున్న బండి, సాయంత్రం నాంపల్లిలో ఎక్కితే తెల్లారేసరికి విశాఖ. 2023 జనవరి నుంచి సికింద్రాబాద్ వందే భారత్ ఉంది ఎనిమిదిన్నర గంటల్లో దింపేస్తుంది నిజమే, కానీ జాబ్ మానేసిన మనిషికి తొందరేముంది, రాత్రంతా పై బెర్త్ మీద నిద్రపట్టక ఆలోచించుకోవాలి కదా.

ఉప్పుగాలి
రెండో సీన్ సంగతి. మే నెలలో బోట్లు వేటకెళ్ళవమ్మా. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరమంతా వేట నిషేధం, చేపలు గుడ్లు పెట్టే కాలం అని. ఇదివరకు 47 రోజులుండేది, 2015 నుంచి 61 రోజులు చేశారు. ఇంజను ఉన్న బోటు ఏదీ కదలకూడదు. ఇంజను లేని తెప్పలకి మినహాయింపు ఉంది, ఒడ్డుకి దగ్గర్లో వేసుకుంటారు, దొరికేది కొంచెమే.

మీ నవల మొత్తం ఆ రెండు నెలల్లోనే కదా నడిచేది. మరి ఆ రెండు నెలలూ మా ఒడ్డు ఎలా ఉంటాదో చెప్తాను వినండి. బోట్లన్నీ ఇసక మీదికి లాగి పెడతారు. తాటాకు పందిరి కిందో బోటు నీడలోనో కూచుని మగాళ్ళు వలలు కుట్టుకుంటారు, బోట్లకి రంగులేసుకుంటారు, ఇంజన్లు విప్పి బాగుచేసుకుంటారు. ఇంట్లో డబ్బులాడవు. ప్రభుత్వం భృతి ఇస్తాది, 2025లో దాన్ని 20 వేలు చేశారు, అందినంతలో అప్పు కొంత తీరతాది. మా నాన్న ఆ రోజుల్లో మాటిమాటికీ గుమ్మంలోకెళ్ళి నీళ్ళకేసి చూసొచ్చేవాడు. అప్పుడు మేం గుంటలం, నాన్న రోజంతా ఇంట్లో ఉన్నాడని మాకు పండగ. ఆయనకి మాత్రం ఆ నిషేధం రోజులన్నీ కాలు కట్టేసినట్టే ఉండేదని పెద్దయ్యాక గానీ నాకు తెలీలేదు.

మీ ఐదుగురూ అలాంటి రోజుల్లో వచ్చారు. ఊరు మొత్తం పని ఆగి ఉన్నప్పుడు. అది రాయండి.

కొత్తపేట_కాగితం
అన్నా, ఇది చదివి లేచి కిటికీ దగ్గర నిలబడ్డ కాసేపు. నా ఐదుగురు కూడ పని ఆగిపోయిన మనుషులే కదా. టీచరమ్మ రిటైరైంది, పిల్లగాని పరీక్ష వాయిదా పడ్డది, అమ్మాయి జాబ్ మానేసింది. నాకు ఇన్ని రోజులు ఇది తట్టనే లేదు. ఇప్పుడు లెక్క చూసిన, కిరాయి కూడ ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకనే పెడతా, సరిగ్గ 61 రోజులు.

మరి కూలర్ సంగతి చెప్పలే?

ఉప్పుగాలి
కూలర్ హైదరాబాద్ వస్తువమ్మా. ఇక్కడ పొడి ఎండ, నీళ్ళు ఆవిరవుతాయి గనక గాలి చల్లబడతాది. అక్కడ గాలిలోనే సగం నీళ్ళు, ఇంక కూలర్లో నీళ్ళు ఎక్కడ ఆవిరవుతాయి, గది ఇంకా జిడ్డు అయిపోతాది. హైదరాబాద్ అమ్మాయి కూలర్ మోసుకొచ్చిందని రాయండి, రెండో రోజుకి అది బట్టలు పెట్టుకునే బల్ల అయిపోతాది. అందరూ పడుకునేది డాబా మీద. పెంకుటిల్లు అయితే వసారాలోనో, ఇసక మీద నులక మంచాలేసుకునో.

ఉప్పు గాలి ఏం చేస్తాదో కూడా రాయండి. గేటు బందులు తుప్పు పట్టి తలుపు తీస్తే అరుస్తాయి. ఉప్పు డబ్బాలో ఉప్పు గడ్డ కట్టేస్తాది. అప్పడాలు వేయించిన పావుగంటకే మెత్తబడిపోతాయి. అగ్గిపుల్ల గీస్తే వెలగదు. మీ గ్రూప్స్ కుర్రాడి పుస్తకాలు ఉబ్బి మూతపడవు.

అమీర్‌పేట_హాస్టల్_ఆంటీ
నేను కొంచెం ఆలస్యంగా చూశాను ఈ పోస్టు. పదహారేళ్ళుగా అమీర్‌పేటలో లేడీస్ హాస్టల్ నడుపుతున్నానమ్మా, ముక్కూమొహం తెలియని వాళ్ళు ఒకే గదిలో ఉండటం అంటే ఏంటో నన్నడుగు. సముద్రం గురించి ఆ బాబు చెప్తున్నాడు బాగానే ఉంది కానీ నీ ఇల్లు నాకు ఇంకా కనపడలేదు. ఎన్ని బాత్రూములున్నాయి? ఐదుగురికి ఒకటేనా? పొద్దున ఎవరు ముందు వెళ్తారు? గీజర్ ఉందా, మోటార్ ఎవరు వేస్తారు, ఆపటం మర్చిపోతే ట్యాంకు పొర్లిందని ఎవరు అరుస్తారు? నువ్వు "వంటింట్లో గొడవలు" అని రెండు మాటల్లో తేల్చేశావు, అసలు నవల ఉండేది అక్కడే కదా.

మా దగ్గర అమ్మాయిలు చేరిన మొదటి వారం అందరూ బంగారాలే. "మీరు ముందు చేసుకోండక్కా" "పర్లేదండీ మీరు చేసుకోండి". రెండో వారంలో ఫ్రిజ్‌లో పాలప్యాకెట్ మీద పేరు రాయటం మొదలవుతుంది. అది చూశానంటే నాకు తెలిసిపోతుంది, ఇంక గొడవ వస్తుందని. మూడో వారం పెద్ద గొడవ, కారణం చెప్తే నువ్వు నమ్మవు, బకెట్టు. ఎవరి బకెట్టులో ఎవరు బట్టలు నానబెట్టారని. ఆ గొడవ తర్వాతే అసలు స్నేహాలు మొదలవుతాయి, ఎందుకంటే అప్పటిదాకా దాచుకున్న కష్టం అప్పుడు బయటికొస్తుంది. ఒక పిల్ల బకెట్టు కోసం గంట ఏడ్చింది. ఎందుకని కూర్చోబెట్టి అడిగితే అది వాళ్ళమ్మ ఊరినుంచి బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చిన బకెట్టట. ఆ రాత్రి గదిలో నలుగురూ నిద్రపోలేదు, మాట్లాడుకుంటూనే ఉన్నారు. ఇప్పటికీ ఆ నలుగురూ ఒకళ్ళ ఇంట్లో పెళ్ళికి ఇంకొకళ్ళు వెళ్తారు.

చేపలు కొనేచోట స్నేహం కుదిరిందని రాశావు, నేనైతే నమ్మను. సరదాగా ఉన్నప్పుడు ఎవరైనా కలుస్తారమ్మా.

మలక్‌పేట_చదువరి
ఆంటీగారి పోస్టు ప్రింట్ తీసి గోడకి అంటించుకోవాలి. తేలిక నవల అంటే తేలిగ్గా రాసేది అనుకుంటారు చాలామంది. నేను అఫ్జల్‌గంజ్ సెంట్రల్ లైబ్రరీలోనూ, ఆదివారాలు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీదా పాత నవలలు కొన్ని వందలు తిరగేసి ఉంటాను, అందులో హాయిగా చదివించినవి పట్టుమని పాతిక ఉండవు. ఏడిపించటం సులువే. ఒక రోజంతా ఏమీ జరక్కుండా నలుగురు మనుషుల్ని మనకి ఇష్టమయ్యేట్టు చెయ్యటం చాలా కష్టం. అందుకని మీరు దీన్ని చిన్నపని అనుకోకండి.

నాకో సందేహం. ఐదుగురు తెలుగువాళ్ళు ఒక ఇంట్లో దిగితే మొదట అడిగేది "ఏ ఊరు", రెండోది "ఇంటిపేరేంటి". ఆ రెండో ప్రశ్న ఎందుకు అడుగుతారో అందరికీ తెలుసు. మీ నవలలో అది ఉందా?

కొత్తపేట_కాగితం
లేదండి. తేలిక నవల కదా అని దాన్ని ముట్టుకోలే.

నెత్తళ్ళ_పులుసు
అక్కా, ముట్టుకోవాలె. నేను చెప్తా వినుర్రి. మేం హైదరాబాద్‌ల ఇల్లు కోసం తిరిగినప్పుడు ఒక్క నెలల తొమ్మిది ఇండ్లు చూసినం, నాలుగు చోట్ల గేటుకాడనే అడిగిర్రు, మీరు నాన్‌వెజ్ తింటరా అని. తింటమంటే ఇల్లు లేదన్నరు. ఒకామె అయితే మంచిగనే చాయ్ పోసి కూసోబెట్టి, అడ్వాన్స్ దాక వచ్చినంక మా అమ్మ సంచిల ఎండు నెత్తళ్ళ వాసన తగిలి, మా తమ్మునికి కావాలంట అని మాట మార్చింది. మా అమ్మ బస్సుల ఒక్క మాట మాట్లాడలే. ఇంటికొచ్చినంక ఆ సంచి ఉతికింది.

సముద్రం ఒడ్డున ఇల్లు రాస్తున్నరు, వంటింట్ల చేప గొడవ రాకుంట ఎట్లుంటది? నేను కొట్లాట పెట్టమంటలేను. హాయిగ ఉండే నవలల మా అమ్మ అసొంటోళ్ళు కూడ హాయిగ ఉండాలె గదా అంటున్న. నవ్వుకునే పుస్తకాల మేము లేకపోతే మాకు ఏడ్చే పుస్తకాలే మిగుల్తయి.

అమీర్‌పేట_హాస్టల్_ఆంటీ
బాబూ, మీ అమ్మగారికి నా నమస్కారం చెప్పు.

మలక్‌పేట_చదువరి
నేను అడగాలనుకున్నదంతా ఈ తమ్ముడు చెప్పేశాడు.

కొత్తపేట_కాగితం
రెండు రోజులు ఇక్కడికి రాలే, క్షమించాలి. రాస్తున్న. ఆ సంచి మాట చదివినాక ఊకె ఉండలేకపోయిన. నర్సు పాత్ర ఇన్ని రోజులు నాకు సరిగ్గ దొరకలే, మంచి మనిషి అని తప్ప ఏం తెల్వదు. ఇప్పుడు ఆమెది మత్స్యకార కుటుంబం చేసిన, సంచిల ఉప్పుచేప కట్టుకొని వస్తది, టీచరమ్మ తన గిన్నెలు వేరే అరలో పెట్టుకుంటది. ఇద్దరి మధ్య మొదటి నెలంతా ఒక్క పెద్దమాట కూడ రాదు, అరలే మాట్లాడతయి. తమ్ముడూ, మీ అమ్మ మాట నేను వాడుకోవచ్చా? సంచి ఉతికిన మాట. వద్దంటే తీసేస్త.

నెత్తళ్ళ_పులుసు
అమ్మను అడిగిన. రాయమన్నది. అయితే ఆఖర్ల ఆ సంచి మళ్ళ వాసన రావాలె అన్నది.

మృగశిర
నాకొకటి తోచింది. జూన్ 7, 8 ప్రాంతంలో మృగశిర కార్తె వస్తుంది కదా, మన తెలంగాణలో ఆ రోజు చేప తినాల్సిందే, నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో చేపమందు కోసం ఎక్కడెక్కడినుంచో వస్తారు. అప్పటికి ఇంకా వేట నిషేధం నడుస్తూనే ఉంటుంది. మీ హైదరాబాద్ అమ్మాయి సముద్రం పక్కనే కూర్చుని, కళ్ళెదుట నూరు బోట్లు పెట్టుకుని, మృగశిర నాడు ఒక్క చేప దొరక్క తిరుగుతుందనుకోండి. ఇక్కడ హైదరాబాద్‌లో చెరువు కొరమీను మస్తుగా దొరుకుతుంటుంది. అప్పుడు ఎవరో ఒకరు తెప్ప మీద తెచ్చిన గుప్పెడు చేపలు, లేదా నర్సు సంచిలో ఆఖరి ఉప్పుచేప.

రైలు_కిటికీ
ఇది చదివి నాకు ఒళ్ళు జలదరించింది. ఆ పులుసు టీచరమ్మ గిన్నెలో వండాలి.

అమీర్‌పేట_హాస్టల్_ఆంటీ
వండనీ కానీ ఆవిడ చేత తినిపించకు. ఆ వయసులో అలవాటు లేని మనిషి తినదు, తింటే అబద్ధంలా ఉంటుంది. గిన్నె ఇస్తే చాలు. ఇచ్చి, పక్కన కూర్చుని తన పెరుగన్నం తను తింటుంది.

కట్టడాల_కబుర్లు
సివిల్ ఇంజనీర్ని, ఒక మాట. ఇల్లు ఇసకకి అంత దగ్గర అంటున్నారు కాబట్టి అది పాతది అయ్యుండాలి. తీరప్రాంత నియంత్రణ నోటిఫికేషన్ మొదట వచ్చింది 1991లో, దాంతో ఒడ్డు పక్కన కొత్తగా కట్టడానికి చాలా ఆంక్షలొచ్చాయి. ఎప్పుడో తాతలు కట్టిన పెంకుటిల్లు అయితే సరిపోతుంది, పడగొట్టి హోటల్ కట్టడం అంత సులువు కాదు, ఓనరు ఇన్నాళ్ళూ అమ్మకపోవటానికి అదొక కారణం అవుతుంది. భీమిలి పాత ఊరే, 1861లోనే మున్సిపాలిటీ అయింది, డచ్చివాళ్ళ సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. అయితే నవలలో ఇవన్నీ గైడులాగా చెప్పకండి, ఎవరో ఒకరు సాయంత్రం నడకలో ఆ సమాధుల మధ్య ఫోన్ సిగ్నల్ కోసం తిరిగితే చాలు.

తీరం_దాటి
సముద్రస్నానం సీన్ పెడుతున్నారా? పెడితే ఒకటి గుర్తుంచుకోండి. కాలేజీ టూరులో మా బ్యాచ్ అబ్బాయి ఆ తీరంలోనే కొట్టుకుపోయాడు, ఇంకో నిమిషం అయితే మాకు దక్కేవాడు కాదు. అలలు విరిగే చోట్ల మధ్యలో ఒక చోట నీళ్ళు ప్రశాంతంగా కనిపిస్తాయి, కొత్తవాళ్ళు ఇక్కడ భయం లేదని అక్కడే దిగుతారు. ఒడ్డుకొచ్చిన నీళ్ళన్నీ వెనక్కెళ్ళే దారి అదే, మనిషిని లోపలికి లాగేస్తుంది. ఒడ్డుకి ఎదురీదితే అలసిపోతాం, పక్కకి, ఒడ్డు వెంబడి ఈది ఆ లాగుడు దాటాక అప్పుడు రావాలి. మావాడిని కాపాడిన ఆయన పక్కకి పక్కకి అని అరుస్తూనే ఉన్నాడు, ఆ గొంతు నాకింకా వినిపిస్తుంది. సరదా నవల చదివి ఎవరైనా సరదాగా దిగుతారు, అందుకని మీ రైల్వే ఆయన చేతో, వల కుట్టుకునే తాత చేతో ఈ మాట అనిపించండి.

కొత్తపేట_కాగితం
తప్పకుండ. వల కుట్టే తాతతోనే అనిపిస్తా. మీ దోస్తు బాగున్నందుకు సంతోషం.

అందరికీ చెప్పాల్సింది, ఇప్పుడు పదమూడు అధ్యాయాలైనయి. సూర్యాస్తమయం పోయింది, వైశాఖ పున్నమి వచ్చింది. దానికి పన్నెండు రోజుల ముందు అక్షయ తృతీయ పడ్తది గనక టీచరమ్మ సింహాచలం చందనోత్సవానికి పోయొస్తది, ఏడాదికి ఒక్క రోజే స్వామి నిజరూపం కనపడేది, క్యూలో గంటలు నిలబడలేక నర్సు చెయ్యి పట్టుకుంటది. మొదటిసారి ముట్టుకున్నది అదే, అరలు వేరైన తర్వాత. కూలర్ మీద బట్టలున్నయి. మృగశిర పులుసు రాస్తుంటే నాకే ఆకలైంది, రాత్రి పన్నెండింటికి లేచి అన్నంలో ఆవకాయ కలుపుకున్న.

ఆఖరి అధ్యాయం ఒక్కటే మిగిలింది. జూన్ 14 రాత్రి, ఖాళీ చేసే రోజు. సామాన్లు కట్టుకొని వసారాలో కూచున్నరు, రేపు ఎవరి దారి వాళ్ళది. ఉప్పుగాలి అన్నా, ఆ రాత్రి మీ ఒడ్డు ఎట్లుంటది? నాకు అది చూడకుండ రాయాలని లేదు, మీరు చూసిందే చెప్పండి.

ఉప్పుగాలి
పొద్దుట్నుంచే సందడమ్మా. ఐసు దిగుతాది, డీజిల్ డబ్బాలు మోస్తారు, బోటుకి పసుపు కుంకుమ పెట్టి గంగమ్మకి కొబ్బరికాయ కొడతారు. ఆడవాళ్ళు అన్నం మూటలు కడతారు. రాత్రి మేం పిల్లలం పడుకోం. పన్నెండు దాటాక ఎక్కడో ఒక ఇంజను దగ్గుతాది, ఆగిపోతాది, రెండు నెలలు కదల్లేదు కదా. మళ్ళీ దగ్గుతాది. అప్పుడు అందుకుంటాది. తర్వాత దాని పక్కది, దాని పక్కది, ఒడ్డంతా అదే చప్పుడు. జనం భుజాలేసి బోట్లని నీళ్ళలోకి తోస్తారు, ఎవరి బోటు అని చూడరు, ఎవరు అక్కడుంటే వాళ్ళు తోస్తారు. మీ ఐదుగురూ వసారాలో కూచోరు ఆ వేళ. లేచి వెళ్ళి తోస్తారు, బట్టలు తడిసిపోతాయి. తర్వాత లైట్లు చిన్నగా అయిపోయి చుక్కల్లో కలిసిపోతాయి. మా అమ్మ మాత్రం చప్పుడు పూర్తిగా ఆగేదాకా ఒడ్డు మీదే నిలబడేది, నా చెయ్యి పట్టుకుని.

కొత్తపేట_కాగితం
రాయడానికి కూచుంటున్న.